నెల్లూరు తీరపు పడవలు, వాటిని గీసిన చేతులు

నెల్లూరు తీరానికి రేవుల చరిత్ర ఉంది, ఓడల చరిత్ర ఉంది. సముద్రాన్ని గీయడమే వృత్తిగా బతికిన చిత్రకారుల చరిత్ర మాత్రం లేదు. డెన్మార్క్, హాలండ్ లాంటి దేశాల్లో ఓడలను, కెరటాలను గీసేవాళ్లు తరతరాలుగా ఉన్నారు. పంతొమ్మిదో శతాబ్దపు డేనిష్ చిత్రకారుడు ఎకర్స్‌బర్గ్ కోపెన్‌హాగన్ అకాడమీలో ఆచార్యుడిగా ఉంటూ తెరచాప ఓడలను తాడు తాడుకూ లెక్క తప్పకుండా గీశాడు. అలాంటి వాడొకడు కృష్ణపట్నంలోనో దుగరాజపట్నంలోనో పుట్టలేదు. అయినా ఈ తీరపు పడవలు బొమ్మలకు ఎక్కకుండా పోలేదు. శాతవాహనుల టంకశాల, బంగాళాఖాతంలో తిరిగిన ఇంగ్లీషు నావికుడు, ఆంట్‌వెర్ప్ నుంచి వచ్చిన సముద్ర చిత్రకారుడు, త్రికోణమలై రేవులో ఓడలు కట్టించిన మేస్త్రీ, మద్రాసు ప్రభుత్వపు చేపల శాఖ అధికారి వేర్వేరు కాలాల్లో వీటిని గీశారు, అచ్చు వేయించారు. ఆ బొమ్మల కింద నెల్లూరు పేరు కనిపించదు. ‘మద్రాసు’ అనో ‘కోరమాండల్’ అనో ఉంటుంది. అందుకే ఇవి మనవని మనకే తెలియకుండా పోయింది.

ఈ తీరపు పడవ ఎందుకు అలా ఉండేదో తెలియాలంటే ముందు తీరాన్ని చూడాలి. కృష్ణా ముఖద్వారం నుంచి మద్రాసు దాకా సముద్రం ఇసుక దిబ్బల మీద నేరుగా విరుచుకుపడుతుంది. కొండల మధ్య ఒదిగిన లోతైన రేవు ఒక్కటీ లేదు. ఏటి ముఖాలు ఇసుకతో పూడుతూ, తెరుచుకుంటూ ఉంటాయి. కృష్ణపట్నం దగ్గర ఉప్పుటేరు, దుగరాజపట్నానికి ఎదురుగా సముద్రంలో దాగి ఉన్న ఇసుక మెట్ట ఓడలకు కొంత చాటు ఇచ్చేవి. ఆ మెట్టకు లోపలి వైపున్న నీటిని నావికుల పటాల్లో బ్లాక్‌వుడ్ హార్బర్ అన్నారు. మిగతా చోట్ల పెద్ద ఓడ దూరంగా లంగరు వేసుకుని నిలబడాల్సిందే. సరుకూ మనిషీ ఒడ్డుకు చేరాలంటే వరసగా విరిగే అలలను దాటాలి. మేకులు కొట్టి బిగించిన పడవ ఆ అలల్లో నేలకు తగిలిందంటే పలకలు విడిపోతాయి. కాబట్టి ఇక్కడివాళ్లు రెండు రకాల సాధనాలు తయారు చేసుకున్నారు. పలకలను తాడుతో కుట్టిన మసులా పడవ ఒకటి, దుంగలను కట్టిన తెప్ప రెండోది. ఈ తీరానికి వచ్చిన విదేశీయులందరూ ఈ రెంటినే మళ్లీ మళ్లీ గీయడానికి కారణం అదే. ఒడ్డున కాలు పెట్టకముందే వాళ్లకు ఎదురైనవి ఇవే, తమ ప్రాణాలను అప్పగించిందీ వీటికే.

అన్నిటికన్నా పాత బొమ్మలు నాణేల మీద ఉన్నాయి. క్రీ.శ. రెండో శతాబ్దంలో శాతవాహన రాజులు పులుమావి, యజ్ఞశ్రీ శాతకర్ణి పేర్లతో వెలువడిన సీసపు నాణేల్లో ఒక వైపు రెండు తెరచాప కొయ్యల ఓడ, మరో వైపు నాలుగు వృత్తాలు కలిసిన ఉజ్జయిని చిహ్నం ఉంటాయి. ఇవి ఎక్కువగా కోరమాండల్ తీరం పొడవునా దొరికాయి. పంతొమ్మిదో శతాబ్దంలో వాల్టర్ ఇలియట్ వీటిని సేకరించాడు. 1908లో బ్రిటిష్ మ్యూజియం కోసం రాప్సన్ తయారుచేసిన ఆంధ్ర నాణేల జాబితాలో వీటికి చోటు దొరికింది. నాణెం చిన్నది, సీసం మెత్తనిది, అచ్చు తరచూ ఒక పక్కకు జారింది. అయినా అరగని నాణేల మీద కొయ్యలూ, వాటిని పట్టి ఉంచే తాళ్లూ, వంపు తిరిగిన ఓడ ఒడలూ గుర్తుపట్టవచ్చు. రాజు తన నాణెం మీద ఏనుగునో సింహాన్నో వేయించుకోవడం మామూలే. తీరప్రాంతంలో చెలామణి అయ్యే నాణెం మీద ఓడను వేయించాడంటే సముద్ర వ్యాపారం ఆ రాజ్యానికి ఎంత ముఖ్యమో ఊహించవచ్చు. తరువాత పల్లవుల నాణేల్లో కూడా రెండు కొయ్యల ఓడ కనిపిస్తుంది.

ఆ ఓడలు ఎవరితో వ్యాపారం చేశాయో చెప్పే సాక్ష్యం నెల్లూరు మట్టిలోనే బయటపడింది. పద్దెనిమిదో శతాబ్దం చివర నెల్లూరు దగ్గర ఒక రైతు దున్నుతుండగా నాగలి పాత గుడి శిథిలాలకు తగిలింది. అక్కడి కుండలో రోమన్ బంగారు నాణేలు దొరికాయి. వాటిలో ట్రాజన్, హేడ్రియన్ చక్రవర్తులవీ, ఫాస్టీనా రాణివీ ఉన్నాయి. కొన్ని కరిగించే కొలిమిలోకి పోగా మిగిలినవాటి సంగతిని మద్రాసు గవర్నరుగా పనిచేసిన అలెగ్జాండర్ డేవిడ్‌సన్ ఉత్తరంగా రాశాడు. అది కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రిక రెండో సంపుటంలో అచ్చయింది. ట్రాజన్, హేడ్రియన్‌ల కాలమూ ఓడ నాణేలూ ఒకే శతాబ్దానివి.

ఆ తరువాత వెయ్యేళ్లకు పైగా ఓడలు తిరుగుతూనే ఉన్నాయి, బొమ్మలు మాత్రం కరువయ్యాయి. ఉత్తరాన మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు 1244లో విదేశీ వర్తకులకు అభయశాసనం వేయించాడు. తుపానుకు చెదిరి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును రాజు లాగేసుకోకూడదన్న మాట అందులో ఉంది. తిక్కన ఉన్న కాలంలో, నెల్లూరును తెలుగు చోడులు ఏలుతున్న రోజుల్లో కృష్ణపట్నం రేవుగా నడిచింది. గూడూరు వైపు కొత్తపట్నం దిబ్బల్లో చైనా పింగాణి పెంకులు దొరికాయి. శాసనం ఉంది, పెంకు ఉంది. ఆ సరుకు తెచ్చిన ఓడ ఆకారం మాత్రం ఏ రాతి మీదా ఈ తీరంలో మిగల్లేదు.

పదిహేడో శతాబ్దంలో ఐరోపా కంపెనీలు వచ్చాక కాగితం మీద బొమ్మ మొదలైంది. ప్రళయకావేరి సరస్సు దక్షిణపు అంచున, పులికాట్‌లో 1610లో డచ్చివాళ్లు దిగి 1613 నాటికి గెల్డ్రియా కోట కట్టారు. 1690 దాకా కోరమాండల్ మీద వాళ్ల ముఖ్యస్థానం అదే. దానికి ఉత్తరాన దుగరాజపట్నంలో 1626లో ఇంగ్లీషు కంపెనీ కొట్టు పెట్టింది. తమకు సాయపడిన ఆర్ముగం ముదలియార్ పేరు మీద వాళ్లు ఆ చోటిని ఆర్మగాన్ అన్నారని చెబుతారు. 1628లో అక్కడ 12 ఫిరంగులతో చిన్న కోట కట్టుకున్నారు. భారతదేశంలో ఇంగ్లీషువాళ్లు కోట కట్టిన మొదటి చోటు ఇదే. పక్కనే డచ్చివాళ్ల పోటీ, చాలినంత నేత సరుకు దొరకకపోవడం వాళ్లను నిలవనీయలేదు. అక్కడి అధికారి ఫ్రాన్సిస్ డే 1639లో దక్షిణాన ఇంకో చోటు వెతికి, దామెర్ల వెంకటాద్రి నాయకుని వద్ద అనుమతి పొందాడు. 1640లో కొట్టు అక్కడికి తరలిపోయింది. మద్రాసు పుట్టింది అలా. ఈ తీరానికి వచ్చిన చిత్రకారులు ఆ తరువాత ఎక్కువగా మద్రాసులోనే దిగారు, నెల్లూరు రేవులు వాళ్ల దారిలో లేకుండా పోయాయి.

డేనులు వచ్చింది కూడా ఆ కాలంలోనే. 1616లో రాజు నాలుగో క్రిస్టియన్ అనుమతితో ఏర్పడిన డేనిష్ కంపెనీ తరఫున ఓవె గెడ్డె 1620లో తంజావూరు రాజ్యంలోని తరంగంబాడికి చేరాడు. అప్పటి తంజావూరు ప్రభువు రఘునాథ నాయకుడు తెలుగు కవి. ఆయన డెన్మార్క్ రాజుకు పంపిన బంగారు రేకు మీది లేఖ తమిళంలో ఉన్నా సంతకం తెలుగులో ఉంది. అది ఇప్పటికీ డెన్మార్క్ ప్రభుత్వ దస్తావేజుల భాండారంలో భద్రంగా ఉంది. తరంగంబాడి నుంచి డేనులు మచిలీపట్నంలో కూడా కొట్టు నడిపారు. ఆ రెంటి మధ్య తిరిగిన ఓడలు నెల్లూరు తీరాన్ని దాటే పోయాయి. పద్దెనిమిదో శతాబ్దం చివర తరంగంబాడి గవర్నరుగా ఉన్న పీటర్ ఆంకర్, నార్వేవాడు, తీరిక వేళల్లో దక్షిణాది దృశ్యాలను నీటిరంగుల్లో గీశాడు. ఆయన చూపు ఎక్కువగా గుళ్ల మీద, కోటల మీద ఉంది.

కోరమాండల్ పడవలను చూసి గీసి పెట్టినవాళ్లలో ముందు చెప్పుకోదగ్గవాడు థామస్ బౌరీ. చిత్రకారుడు కాడు, సొంతంగా వ్యాపారం చేసుకున్న ఇంగ్లీషు నావికుడు. 1669 తరువాత పదేళ్లు బంగాళాఖాతం చుట్టూ తిరిగి చూసినదంతా రాసుకున్నాడు. ఆ రాతప్రతిని రిచర్డ్ టెంపుల్ సంపాదకత్వంలో హక్లూయిట్ సొసైటీ 1905లో అచ్చు వేసింది. బౌరీ గీతలు మొరటుగా, దాదాపు పిల్లలు గీసినట్టు ఉంటాయి. అయినా నావికుడి కన్ను పనికొచ్చే సంగతిని పట్టుకుంది. మసులా పడవకు లోపలి చట్టం లేదు, పలచటి పలకలను కొబ్బరి పీచు తాడుతో కుట్టారు, అడుగు చదునుగా ఉంది, అల విసిరి నేలకు కొట్టినా పగలదు. ఈ నాలుగు మాటలూ ఆ తరువాత రెండు వందల ఏళ్ల పాటు ప్రతి రచయితా తిరిగి రాసినవే.

వృత్తిరీత్యా సముద్ర చిత్రకారుడైన ఒక మనిషి చేతికి కోరమాండల్ పడవ దొరకడానికి 1790ల దాకా ఆగాల్సి వచ్చింది. ఆయన బల్తజార్ సోల్విన్స్. 1760లో ఆంట్‌వెర్ప్‌లో పుట్టాడు, రేవులనూ ఓడలనూ గీస్తూ పేరు తెచ్చుకున్నాడు. హోమ్ పోఫమ్ నడిపిన ‘ఎట్రుస్కో’ ఓడలో బయలుదేరి 1791లో కలకత్తా చేరాడు. అప్పటికే దొరల ఆదరణ పొందిన ఇంగ్లీషు చిత్రకారులు అక్కడ చాలామంది ఉన్నారు. సోల్విన్స్ వాళ్ల దారి వదిలి బజారులో, ఘాట్ల మీద కనిపించే మనుషులను గీయడానికి పూనుకున్నాడు. వృత్తులు, పండుగలు, బండ్లు, వాద్యాలు, పడవలు అన్నీ కలిపి 250 రాగిరేకు చిత్రాలు తానే చెక్కి 1796 నుంచి 1799 వరకు అచ్చు వేశాడు. అవి సరిగా అమ్ముడుపోలేదు. ఇంగ్లీషు కొనుగోలుదారులకు నునుపైన, ముచ్చటైన బొమ్మలు కావాలి, సోల్విన్స్ గీత బరువుగా, దిగులుగా ఉంటుంది. లండన్‌లో ఎడ్వర్డ్ ఆర్మ్ వాటిలో 60 బొమ్మలను మెరుగులు దిద్ది, మూలకర్త అనుమతి లేకుండానే సొంత పుస్తకంగా వేసుకున్నాడు. సొమ్ము ఆర్మ్‌కు దక్కింది. సోల్విన్స్ పారిస్ వెళ్లి 1808-1812 మధ్య నాలుగు పెద్ద సంపుటాల్లో మళ్లీ కొత్తగా చెక్కాడు. నెపోలియన్ యుద్ధాల నడుమ అంత ఖరీదైన పుస్తకాన్ని కొనేవాళ్లు లేక దివాలా తీశాడు. చివరికి సొంత ఊరు ఆంట్‌వెర్ప్‌లో రేవు అధికారిగా చేరి 1824లో చనిపోయాడు.

ఆయన పడవల చిత్రాల్లో ఎక్కువ భాగం గంగానదివి. వాటి మధ్య కోరమాండల్ తీరం నుంచి కలకత్తాకు వెళ్లే దోనె కూడా ఉంది. దోనె తీరం వెంబడి సరుకు మోసే పెద్ద పడవ. మిగతా చిత్రకారులకు పడవ నేపథ్యంలో అందానికి పనికొచ్చే వస్తువు. సోల్విన్స్‌కు అది మనుషులు పనిచేసే చోటు. ఓడ ఎలా తేలుతుందో, తెరచాప గాలిని ఎలా పడుతుందో చిన్నప్పటి నుంచి చూసినవాడు కాబట్టి ఆయన పడవ నీటిలో సరైన లోతున కూర్చుంటుంది. ఆంధ్ర తీరపు దోనెలను చూడాలనుకునేవాళ్లు ముందుగా తెరవాల్సిన బొమ్మ ఇదేనని చెప్పడానికి సందేహించనక్కర్లేదు.

తెలుగు చేతులు అప్పుడు ఖాళీగా లేవు. తంజావూరు, తిరుచిరాపల్లిలో కంపెనీ దొరల కోసం కాగితం మీద, అభ్రకపు రేకుల మీద వృత్తుల బొమ్మలు వేసిన ముచ్చి చిత్రకారుల్లో తెలుగు కుటుంబాలు ఉన్నాయి. ఒక్కో కులానికి భార్యాభర్తల జంట చొప్పున గీసే ఆ వరుసల్లో వలతో చేపలవాడు, గంపతో అతని భార్య కనిపిస్తారు. బట్టల మడతలూ నగలూ చక్కగా ఉంటాయి. సముద్రం మాత్రం ఉండదు, వెనక ఖాళీ కాగితమే. పోషకులు అడిగింది మనుషుల పట్టిక కాబట్టి వాళ్లు దాన్నే ఇచ్చారు.

పడవను కొలిచి గీసినవాడు జాన్ ఎడై. త్రికోణమలై నౌకాశాలలో ఓడల మేస్త్రీగా పనిచేసిన ఇతను 1834లో లండన్ రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో కోరమాండల్, మలబారు, సింహళ తీరాల పడవల మీద సచిత్ర వ్యాసం రాశాడు. ఆయన లెక్క ప్రకారం మసులా పడవ పొడవు 30 నుంచి 35 అడుగులు, వెడల్పు 10 నుంచి 11, లోతు 7 నుంచి 8 అడుగులు. పలకల అతుకుల మీద పీచు పరిచి, కొబ్బరి తాడుతో బిగించి కుడతారు. లోపల చట్టం లేకపోవడంతో అల కొట్టినప్పుడు పడవ ఒడలు వంగి మళ్లీ మామూలవుతుంది. 12 మంది వెదురు తెడ్లు వేస్తారు. వెనక నిలబడ్డ తండేలు, అంటే పడవ నాయకుడు, అలల లెక్క చూసి పాట అందుకుంటాడు, ఆ పాట వేగాన్ని బట్టి తెడ్ల వేగం మారుతుంది. నీళ్లు తోడేందుకు వేరే మనుషులుంటారు. దొరలు, దొరసానులు ఎక్కిన పడవ పక్కనే తెప్పలు నడిచేవి. పడవ బోల్తా పడితే నీటిలో పడ్డవాళ్లను పైకి లాగడం తెప్పవాళ్ల పని.

తెప్ప గురించి ఎడై ఇచ్చిన కొలతలు 20 నుంచి 25 అడుగుల పొడవు, రెండున్నర నుంచి మూడున్నర అడుగుల వెడల్పు. మూడు దుంగలు, వాటిని బిగించే తాడు తప్ప మరేమీ లేదు. చూడటానికి ఇంత తేలికైన వస్తువు మీద నడుం లోతు నురుగులో మోకాళ్ల మీద కూర్చుని వెళ్లే మనిషిని చూసి ఐరోపా ప్రయాణికులు నివ్వెరపోయారు. పడవలు దిగలేని తుపాను గాలుల్లో ఒడ్డు నుంచి ఓడలకు ఉత్తరాలు తీసుకుపోయింది వీళ్లే. తడవకుండా ఉత్తరాన్ని తలమీది కుచ్చుటోపీలో పెట్టుకునేవారు. వేట అయ్యాక తాళ్లు విప్పి దుంగలను ఇసుక మీద విడివిడిగా ఆరబెట్టే అలవాటు నెల్లూరు తీరపు జాలరి పల్లెలైన పట్టపుపాలేల్లో నిన్నమొన్నటి దాకా ఉంది. నీరు పీల్చిన కొయ్య బరువెక్కి మునుగుతుంది కాబట్టి ఆరబెట్టడం తప్పనిసరి.

ఎడై వర్ణించిన మూడోది దోనె, సుమారు 70 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు. గాలి అనుకూలించే నెలల్లోనే తీరం వెంట మద్రాసుకూ సింహళానికీ వెళ్లేది. దాని తండేలు దగ్గర దిక్సూచి ఉంటే ఉండేది, లేకపోతే లేదు. ముడులు వేసిన దారం కట్టిన చిన్న చెక్కపలక మాత్రం ఉండేది. దారాన్ని పళ్ల మధ్య పట్టుకుని, పలక పై అంచుకు ధ్రువనక్షత్రం, కింది అంచుకు సముద్రపు అంచు తగిలేలా చూసి, ఏ ముడి దగ్గర ఆ రెండూ సరిపోయాయో దాన్ని బట్టి తాను ఏ రేవుకు ఎదురుగా ఉన్నాడో తెలుసుకునేవాడు. ఇంత వివరాన్ని ఏ చిత్రకారుడూ ఇవ్వలేదు. అందం కోసం సోల్విన్స్‌ను చూడాలి, మళ్లీ పడవ కట్టాలంటే ఎడైని చదవాలి.

ఫ్రెంచి నౌకాధికారి ఎడ్మండ్ పారిస్‌లో ఈ రెండు గుణాలూ కలిశాయి. ప్రపంచయాత్రల్లో దిగిన ప్రతి రేవులో స్థానిక పడవలను కొలిచి, ప్లాన్లు వేసి, వాటినే సముద్రదృశ్యాలుగా కూడా చిత్రించాడు. 1840ల మొదట్లో వెలువడిన ఆయన గ్రంథంలో పాండిచ్చేరి చెలింగ ఉంది. మద్రాసు మసులాకు అదే తోబుట్టువు. తరువాత పారిస్‌లో నౌకా మ్యూజియం బాధ్యత తీసుకుని, తన కొలతల ఆధారంగా నమూనా పడవలు కూడా చేయించాడు. ఆ కాలంలోనే డేనిష్ నౌక ‘గలాతియా’ 1845లో తరంగంబాడికి వచ్చింది. ఆ ఊరిని డెన్మార్క్ ఇంగ్లీషు కంపెనీకి అమ్మేసిన సంవత్సరం అది. స్టీన్ బిల్లె నాయకత్వంలో భూమిని చుట్టి వచ్చిన ఆ ఓడలో పౌల్ ఆగస్ట్ ప్లుమ్ అనే చిత్రకారుడు, శాస్త్రీయ చిత్రాల కోసం తోర్నమ్ ఉన్నారు. డేనిష్ కుంచెకూ కోరమాండల్‌కూ ఉన్న రెండు వందల ఏళ్ల పరిచయం ఆ ప్రయాణంతో ముగిసింది.

తరువాతి కాలం పడవలకు కలిసిరాలేదు. 1801లో నెల్లూరు కంపెనీ పాలనలోకి వచ్చాక ఉప్పు, ధాన్యం మోసే పని తీరపు పడవలకు కొంతకాలం మిగిలింది. మద్రాసు నుంచి ఉత్తరానికి ముక్కలు ముక్కలుగా తవ్వుతూ వచ్చిన ఉప్పునీటి కాలువ, 1876-78 కరువు పనుల తరువాత గవర్నరు పేరున బకింగ్‌హామ్ కాలువ అయింది. సముద్రానికి సమాంతరంగా, అలల భయం లేకుండా, ఒడ్డు నుంచి మనుషులు తాడుతో లాగే కాలువ పడవలు దోనెల సరుకును తీసుకున్నాయి. మద్రాసులో 1876లో కృత్రిమ రేవు కట్టడం మొదలైంది. 1881 తుపాను ఆ గోడలను పడగొట్టినా మళ్లీ కట్టారు. ఓడ నేరుగా గోడకు ఆనుకున్నాక కుట్టుపడవతో పనిలేదు. 1899లో గూడూరు, నెల్లూరుల మీదుగా బెజవాడకు రైలు నడిచింది. కృష్ణపట్నం, ఇసకపల్లి, రామాయపట్నం లాంటి రేవులు చేపల పాలేలుగా మిగిలాయి.

సరిగ్గా ఆ క్షీణదశలో జేమ్స్ హార్నెల్ పనిచేశాడు. మద్రాసు ప్రభుత్వపు మత్స్యశాఖను నడిపిన హార్నెల్ తీరం పొడవునా తిరిగి, 1920లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ ద్వారా భారతీయ పడవల రూపకల్పన మీద పెద్ద పరిశీలన ప్రచురించాడు. తెలుగు తీరపు తెప్ప తమిళ కట్టుమరం కంటే ఎక్కడ వేరో, కుట్టుపడవ ఎక్కడి నుంచి ఎక్కడి దాకా వాడుకలో ఉందో ఆయన గీతలతో, ఫోటోలతో చూపాడు. పడవల మీద బతికేవాళ్లను అడిగి రాసిన పుస్తకం అది. మునుపటి వాళ్లు చూసింది గీస్తే ఈయన అడిగింది కూడా గీశాడు.

ఇరవయ్యో శతాబ్దం చివరికి మసులా కుట్టుపడవ ఈ తీరంలో కనుమరుగైంది. 2004 డిసెంబరు 26 నాటి సునామీ తరువాత సహాయంగా ఫైబర్ పడవలు విరివిగా వచ్చి తెప్పలను చాలావరకు తొలగించాయి. వాటి రాక మంచిదే, ప్రాణభయం తగ్గింది, వేట దూరం పెరిగింది. 2008లో కృష్ణపట్నంలో లోతైన రేవు తెరుచుకుంది. దుగరాజపట్నం 2022 జిల్లాల విభజనలో తిరుపతి జిల్లాలో కలిసింది.

సోల్విన్స్, ఎడై, పారిస్, హార్నెల్‌ల బొమ్మలకు కాపీహక్కుల గడువు ఎప్పుడో తీరిపోయింది. వాటి నకళ్లు నెల్లూరులో ఒక గోడ మీద, తెలుగు వివరాలతో పెట్టడానికి పెద్ద ఖర్చు కాదు. తెప్ప కట్టడం, పలకలు కుట్టడం చేతులారా చేసిన పెద్దవాళ్లు పట్టపుపాలేల్లో ఇంకా కొందరు ఉన్నారు. ఆ బొమ్మలను వాళ్లకు చూపించి, ఏ తాడును ఏమంటారో, ఏ ముడి ఎందుకో వాళ్ల మాటల్లోనే రాసి పెట్టే పని విశ్వవిద్యాలయాలు, పురావస్తు శాఖ ఆలస్యం చేయకుండా చేపట్టాలి.